బోర్డు మీద ఒక భాష, నోట్లో మరో భాష

పాతపట్నం చేరి నాలుగు రోజులైంది. ఇక్కడ రోహిణి కార్తె ఎండ గోడలను కూడా కాలుస్తోంది. స్కాట్లండ్ ప్రయాణంలో కప్పుకొని సంచీ అడుగున పెట్టిన ఉన్ని శాలువాను నిన్న దులిపితే పీట్ పొగ వాసన వచ్చింది. పీట్ అంటే అక్కడ పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చే మట్టి. ఆ వాసన పోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మే 11, సోమవారం, అబెర్డీన్

వెళ్లిన మర్నాడే బస్సులో పరువు పోయింది. చెల్లెలి కూతురు వెనక నుంచి పిల్లవాడిని ఎక్కిస్తోంది. నేను ముందు ఎక్కేశాను. డ్రైవరు నన్ను చూసి "ఫార్ యీ గాన్?" అన్నాడు. ఫార్ అంటే దూరమని ఐదో తరగతి నుంచీ చదువుకున్న మాట. "దూరం కాదండీ, దగ్గరే" అని నా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కాస్త నిదానంగా మళ్లీ అదే అడిగాడు. నేను ఇంకాస్త గట్టిగా మళ్లీ అదే చెప్పాను. ముందు సీట్లో ఒక ముసలావిడ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటోంది.

"పెద్దమ్మా, ఆయన దూరం అడగడం లేదు. ఎక్కడికి అంటున్నాడు" అని మా అమ్మాయి వచ్చి ఆదుకుంది.

స్కాట్లండ్ ఈశాన్య మూలలో మాట్లాడే స్కాట్స్ భాషను డోరిక్ అంటారు. ఇంగ్లీషులో ప్రశ్న మాటల మొదట ఉండే 'వ' ఇక్కడ 'ఫ' అవుతుంది. ఎక్కడ అనడానికి ఫార్, ఏమిటి అనడానికి ఫిట్, ఎప్పుడు అనడానికి ఫాన్, ఎలా అనడానికి ఫూ. "ఫిట్ లైక్?" అంటే ఎలా ఉన్నారని. నా ఆరోగ్యం గురించి ఈ ఊరివాళ్లకు ఇంత దిగులేమిటని రెండు రోజులు అనుకున్నాను.

మధ్యాహ్నం రౌవీ తిన్నాను. చపాతీకన్నా మందంగా, ఆకారం చెడిన బన్నులా ఉంటుంది. కొరికితే పొరలు పొరలుగా విడిపోయి ఉప్పగా తగులుతుంది. సముద్రం మీద చాలా రోజులు పాడవకుండా ఉండాలని జాలరుల కోసం కొవ్వు దట్టించి చేసేవారట. ఒకటి తింటే రాత్రి వరకూ ఆకలి లేదు. మా బారువ రేవులో ఇలాంటిది ఎవరూ ఎందుకు కనిపెట్టలేదో!

సాయంత్రం మా అమ్మాయి ఇంటి పనిలో ఉంటే, రేవు పక్కన పాత జాలరిపేట చూద్దామని ఒక్కదాన్నే బయలుదేరాను. మ్యాపులో ఆ పేరు ఫుట్‌డీ. ఇద్దరిని అడిగాను, తెలియదన్నారు. మూడో మనిషి కాసేపు ఆలోచించి "ఓ, ఫిట్టీ!" అన్నాడు. బోర్డు మీద ఫుట్‌డీ, జనం నోట్లో ఫిట్టీ. అప్పటికి నేను పేటను దాటి సముద్రపు గోడ దాకా వెళ్లిపోయాను. వీపులు సముద్రానికి, ముఖాలు లోపలి చదరానికి పెట్టుకున్న పొట్టి రాతి ఇళ్లు. గాలి తగలకుండా అలా కట్టారు.

బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన చోటిచ్చాడు. చేపల పడవల మీద నలభై ఏళ్లు పనిచేశాడు. డెబ్బై దాటిన నన్ను "క్వైన్" అన్నాడు. అంటే అమ్మాయి. మీరు మాట్లాడేది స్కాట్స్ కదా, ఇప్పుడు అధికార భాష అయిందటగా అన్నాను. ఆయన చెయ్యి ఊపేశాడు. అది భాషేమిటి, మేము మాట్లాడే తీరు అంతే అన్నాడు. బడిలో ఈ మాటలు వస్తే తోలు పట్టీతో అరచేతి మీద కొట్టేవారట. ఇంటికి వెళ్లి సరిగ్గా మాట్లాడితే, గొప్పలు పోతున్నావా అని తాత కసిరేవాడట. "అందుకని రెండు నోళ్లు పెట్టుకున్నాను" అని నవ్వాడు.

నాకూ రెండు నోళ్లున్నాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాదులో శిక్షణ తరగతులకు వెళ్లాను. నా నోట "ఏటి" అన్న మాట వినగానే గది గదంతా నవ్వింది. మర్నాటి నుంచి "ఏమిటి" అన్నాను. ఈ వయసులో కూడా మైకు ఇస్తే "ఏమిటి", వంటింట్లో "ఏటి". ఆయన "ఫిట్", నా "ఏటి" ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాయి అనిపించింది.

మే 13, ఇన్వర్నెస్

రైలు దిగగానే స్టేషను బోర్డు మీద రెండు పేర్లు. ఇంగ్లీషు పేరుకు తోడు, ఈ దేశపు మరో పాత భాష గేలిక్‌లో పేరు. ఊళ్లోకి వస్తే పోలీసు బండి మీద కూడా గేలిక్. రోడ్డు పక్క తెల్ల బోర్డుల మీద గేలిక్ ఆకుపచ్చ అక్షరాల్లో, ఇంగ్లీషు నల్ల అక్షరాల్లో. అబెర్డీన్‌లో మూడు రోజుల్లో ఒక్క స్కాట్స్ బోర్డు నా కంట పడలేదు. ఇక్కడ గంట తిరిగినా గేలిక్ మాట ఒక్కటీ చెవిన పడలేదు.

లెక్కలు చూస్తే ఇంకా వింత. 2022 జనాభా లెక్కల్లో స్కాట్స్ మాట్లాడతామన్నవారు 15 లక్షలు. గేలిక్ మాట్లాడేవారు 70 వేలకు కాస్త తక్కువ. ఐరోపా మైనారిటీ భాషల ఒప్పందాన్ని బ్రిటన్ 2001లో ఖాయం చేసినప్పుడు గేలిక్‌కు గట్టి హామీలున్న మూడో భాగం దక్కింది, స్కాట్స్‌కు మర్యాదపూర్వకమైన రెండో భాగంతో సరి. గేలిక్‌కు 2005లోనే సొంత చట్టం వచ్చింది. దాని పనులు చూసే బోర్డు కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. రెండింటినీ ఒకే చట్టంలో కూర్చోబెట్టింది 2025లో. జూన్ 17న పార్లమెంటు ఆమోదించింది, నవంబరు 30న, వాళ్ల సెయింట్ ఆండ్రూ పండుగ రోజున, రెండూ అధికార భాషలయ్యాయి. ఆ కబురు నేను చెప్పినా ఫిట్టీ పెద్దాయన పట్టించుకోలేదు. 

స్కాట్స్ దురదృష్టం ఏమిటంటే అది ఇంగ్లీషుకు తోబుట్టువు. రెండూ ఒక్క వేరు నుంచి వచ్చినవే. 1603లో రాజు లండనుకు మకాం మార్చకముందు ఇక్కడి కొలువులో, చట్టాల్లో నడిచింది స్కాట్సే. రాజు వెళ్లాక తోబుట్టువు పెద్దింటి కోడలైంది, ఇది పల్లెలో మిగిలిపోయింది. గేలిక్‌ను చూసి పాడైపోయిన ఇంగ్లీషు అని ఎవరూ అనలేరు, దాని రూపమే వేరు. స్కాట్స్‌ను మాత్రం ప్రతివాడూ అనగలడు. శ్రీకాకుళం మాట పట్ల మనవాళ్లు చేసేది ఇదే కాబట్టి నాకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర లేకపోయింది.

ఊళ్లో లీకీస్ అనే పాత పుస్తకాల దుకాణం ఉంది. అది ఒకప్పటి గేలిక్ చర్చి. నడిమధ్య కట్టెల పొయ్యి మండుతోంది. మెట్ల మీద, బాల్కనీల్లో, కిటికీ గూళ్లలో పుస్తకాలే. ఒకప్పుడు గేలిక్‌లో ప్రార్థనలు మోగిన గోడల మధ్య ఇప్పుడు ఎటు చూసినా ఇంగ్లీషు పుస్తకాలు. తొమ్మిది పౌండ్లకు ఒక పాత స్కాట్స్ నిఘంటువు కొన్నాను. బయట సన్నటి జల్లు. మెట్ల మీదే నిలబడి పేజీలు తిప్పాను. "డ్రీఖ్" అంటే ముసురు. ఇంగ్లీషులో ముసురుకు సరైన మాట నాకు ఎప్పుడూ దొరకలేదు, ఇన్నాళ్లకు పక్క గదిలో దొరికింది. "త్రాన్" అంటే మొండి. "స్విదర్" అంటే ఎటూ తేల్చుకోలేక తటపటాయించడం. వాన ఆగేదాకా ఆగాలా, నడవాలా అని అక్కడే కాసేపు స్విదర్ చేశాను.

మే 14, 15, స్టోర్నోవే

అల్లపూల్ నుంచి ఓడకు మనిషికి సుమారు పన్నెండు పౌండ్లు. రెండున్నర గంటల పైచిలుకు ప్రయాణం. సముద్రం సగం దారిలో తన సంగతి చెప్పింది, దాని గురించి ఇంతే చాలు. బస చేసిన ఇంట్లో గదికి రోజుకు 75 పౌండ్లు, మన లెక్కలో తొమ్మిది వేలకు తక్కువ కాదు. పొద్దుటి పలహారం కలిపి అని సర్దిచెప్పుకున్నాను.

పశ్చిమ దీవుల్లో ఇది పెద్ద ఊరు. గేలిక్‌కు మిగిలిన కంచుకోట ఇదేనని అందరూ అంటారు. ఆ కోట గోడ కూడా 2022లో కుంగింది. ఈ దీవుల్లో గేలిక్ మాట్లాడేవారు మొదటిసారి సగం కన్నా తక్కువై, 45 శాతమయ్యారు.

అంకెల కన్నా నాకు ఎక్కువ చెప్పింది ఊళ్లోని కిరాణా కొట్టు. ఇద్దరు పెద్దవాళ్లు బంగాళాదుంపల దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. గొంతు వెనక నుంచి వచ్చే ఆ "ఖ్"లు వినగానే గేలిక్ అని తెలిసింది. వినాలని మెల్లగా దగ్గరకు జరిగాను. నన్ను చూడగానే ఇద్దరూ వాక్యం మధ్యలోనే ఇంగ్లీషుకు మారిపోయారు, నన్ను పలకరించి దారి ఇచ్చారు. క్యారెట్ల వైపు వెళ్లాను. వెనక మళ్లీ గేలిక్. ఉల్లిపాయల కోసం వెనక్కి వచ్చాను. మళ్లీ ఇంగ్లీషు.

రాత్రి ఇంటావిడతో చెబితే ఆమె తల ఊపింది. భాష రానివాళ్ల ముందు మాట్లాడితే అమర్యాద అని చిన్నప్పుడే నేర్పారట. గదిలో పదిమంది ఉండి ఒక్కరికి గేలిక్ రాకపోతే పదిమందీ ఇంగ్లీషే. "మా మర్యాదే మమ్మల్ని ముంచింది" అంది. అంటూనే పొయ్యిలో ఇంకో పీట్ ముక్క వేసింది. ఊరి బయట బీడుల్లో ఇప్పుడే పీట్ కోసే రోజులు. తడి మట్టిని ఇటుకల్లా కోసి ఆరబెడతారు.

భోజనానికి ఉప్పు హెర్రింగ్ చేప, ఉడికించిన బంగాళాదుంపలు. కూర లేదు, పులుసు లేదు. చేతితోనే తినాలి అని ఆమె కొంచెం మొహమాటంగా చెప్పింది. నా మొహంలో ఆనందం చూసి ఆమెకు మతిపోయి ఉంటుంది. ఈ దేశంలో అడుగుపెట్టాక చేతితో తిన్న మొదటి భోజనం. మా వైపు ఉప్పుచేపకు ఇది దూరపు చుట్టం. ఒక పచ్చిమిరపకాయ ఉంటే బాగుండేది.

ఆ బల్ల దగ్గరే నాకు కొంత గేలిక్ వచ్చింది. ఇంగ్లీషువాడు పుస్తకాన్ని కలిగి ఉంటాడు. గేలిక్‌లో ఆ "కలిగి ఉండటం" లేదు. "అకమ్" అంటారు, అంటే నా దగ్గర. పుస్తకం నా దగ్గర ఉంది, అచ్చం మనలాగే. "అవును" అనే మాట కూడా లేదు. తిన్నావా అంటే తిన్నాను, వచ్చావా అంటే వచ్చాను. పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు నువ్వు అనకూడదు, మీరు అనాలి. ఆ మీరు అన్న మాట "షివ్". "కిమర్ ఆ హా షివ్?" అంటే మీరు ఎలా ఉన్నారు. నా చెవికి అది శివుడి పేరుగానే వినిపించింది. ఆమెకు చెబితే, మా చర్చి పెద్దలకు మాత్రం చెప్పకండి అంది.

భోజనం మధ్యలో కొడుకు వచ్చాడు. పాతికేళ్ల కుర్రవాడు. తల్లి గేలిక్‌లో ఏదో అడిగింది, వాడు ఇంగ్లీషులో బదులిచ్చి మేడ మీదకు వెళ్లాడు. "వాడికి అన్నీ అర్థమవుతాయి" అంది ఆమె.

ఈ మాట నేను మూడు రోజుల కిందట అబెర్డీన్‌లో విన్నాను. మనవడు నా తెలుగుకు ఇంగ్లీషులో జవాబిచ్చినప్పుడు మా అమ్మాయి అచ్చం ఇలాగే, ఇదే గొంతుతో చెప్పింది.

మే 17, ఆదివారం, అక్కడే

ఆదివారం స్టోర్నోవే మూతపడుతుంది. 2009 వరకూ ఆదివారం ఓడ కూడా కదిలేది కాదు. ఒక పెద్ద సూపర్ మార్కెట్ 2024 నవంబరు నుంచి ఆదివారం తెరుస్తుంటే దాని మీద ఊరంతా రెండుగా చీలిందట. ఉయ్యాలలు ఊగే పిల్లలు కూడా కనబడలేదు. ఇంటావిడ వెంట గేలిక్ ప్రార్థనకు వెళ్లాను. తల మీద కొంగు కప్పుకున్నాను, అక్కడ ఆడవాళ్లంతా టోపీలు పెట్టుకున్నారు, తేడా రాలేదు.

వాద్యం ఏమీ లేదు. ఒకాయన లేచి కీర్తనలో ఒక చరణం ముందుగా అందుకున్నాడు. వెనక జనం దాన్ని పట్టుకొని లాగారు. ఎవరి వేగం వారిది, ఎవరి గమకం వారిది. ఒకరు స్వరం మీద ఉంటే ఇంకొకరు దాని చుట్టూ తిరుగుతున్నారు. మా ఊరి భజనగోష్ఠిలో కూడా ముందొకరు అంటే వెనక అందరూ అంటారు, కానీ తాళం అందరినీ కట్టి ఉంచుతుంది. ఇక్కడ కట్టే తాళం లేదు. గుడి లోపల అలలు లేచి విరిగినట్టుంది. ఒక్క మాట అర్థం కాలేదు, కళ్లు మాత్రం తడిశాయి. చుట్టూ చూశాను. నాకన్నా చిన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే.

బయటికి వచ్చాక ఒక పెద్దాయన, రిటైరైన బడిపంతులు, నేను కూడా టీచరునని తెలిసి కబుర్లలో పడ్డాడు. 1872 విద్యా చట్టంలో గేలిక్ ఊసే లేదట. కొన్ని బడుల్లో గేలిక్ మాట్లాడిన పిల్ల మెడలో కర్ర తగిలించేవారు. సాయంత్రం ఆ కర్ర ఎవరి మెడలో ఉంటే వారికి దెబ్బలు. 1985లో గ్లాస్గోలో, ఇన్వర్నెస్‌లో మొదటి గేలిక్ మాధ్యమ తరగతులు మొదలైనప్పుడు రెండు చోట్లా కలిపి 24 మంది పిల్లలు. ఇప్పుడు వేలల్లో ఉన్నారని సంతోషంగా చెప్పాడు. ఆ వెంటనే, బడి గంట కొట్టగానే ఆ పిల్లలు ఆటస్థలంలో ఏ భాషలో అరుచుకుంటారో కూడా చూడాలి అన్నాడు.

మీ వైపు ఇలాంటి భాషలున్నాయా అని అడిగాడు.

ఉన్నాయి. మా ఊరికి పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవరల భాష నేర్చుకొని, వాళ్ల పిల్లలకు వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మేము భాషా దినోత్సవం చేసుకుంటాం. ఇవన్నీ గడగడా చెప్పాను, టీచరును కదా. ఆయన ముచ్చటపడి, అయితే మీకు ఆ భాష వచ్చా అన్నాడు.

ఏజెన్సీలో ఆరేళ్లు పనిచేశాను. తరగతి వెనక బెంచీలో సవర పిల్లలు వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకుంటుంటే బల్ల మీద బెత్తంతో కొట్టి, "తెలుగులో మాట్లాడండి" అనేదాన్ని. పిల్లలను కొట్టలేదు, బల్లనే. ఆ పిల్లలు మరుక్షణం నోరు మూసుకునేవారు, ఆ రోజంతా ఇంక ఏ భాషలోనూ మాట్లాడేవారు కాదు. నాకు సవరలో ఒక్క వాక్యం రాదు. పెద్దాయనకు "రాదు" అని మాత్రం చెప్పాను.

మే 19, స్లీట్, స్కై దీవి

ఇక్కడ సబాల్ మోర్ ఓస్టెగ్ అనే గేలిక్ కళాశాల ఉంది. పేరుకు అర్థం ఓస్టెగ్‌లోని పెద్ద కొట్టం. 1973లో నిజంగానే పాత కొట్టంలో మొదలుపెట్టారు. బోధన అంతా గేలిక్‌లోనే.

చేరడానికి మాత్రం నా తెలివి అడ్డొచ్చింది. గేలిక్ బోర్డులు చదవడం వచ్చేసిందన్న ధీమాతో ఒక స్టాపు ముందే దిగిపోయాను. దిగాక చూస్తే ఆకుపచ్చ అక్షరాల్లో ఊరి పేరు అన్ చెంగ. నాలుక అని అర్థం, సముద్రంలోకి చొచ్చుకెళ్లిన నేల ముక్క నాలుకలా ఉందని పెట్టిన పేరు. భాష చూడటానికి వచ్చి నాలుక దగ్గర దిగానని మొదట నవ్వుకున్నాను. గంట నడక ఉందని తెలిశాక నవ్వు ఆగింది. గొర్రెలు తప్ప దారి అడగడానికి ఎవరూ లేరు. ఎదురుగా జలసంధి, అవతల మంచు మచ్చలున్న కొండలు. అరగంట నడిచాక ఒకామె కారు ఆపి ఎక్కించుకుంది.

కళాశాల హోటల్లో కాఫీ గేలిక్‌లోనే అడగాలని నియమమేమీ లేదు, కానీ అందరూ అడుగుతున్నారు. నేనూ సాహసించాను. కాఫీ ఇచ్చిన అమ్మాయి నా ఉచ్చారణకు నవ్వలేదు, ఇంగ్లీషుకు మారలేదు. ఓపిగ్గా గేలిక్‌లోనే మళ్లీ ఏదో అడిగింది. అర్థం కాక చిల్లరంతా అరచేతిలో పెట్టి చూపించాను. ఆమె వేళ్లతో పాలు పోసినట్టు అభినయించింది. అడిగింది పాల సంగతి.

పక్క బల్ల దగ్గర జర్మనీ నుంచి వచ్చిన ఒకతను, కెనడా నుంచి వచ్చిన ఒకామె కబుర్లాడుకుంటున్నారు. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు, అయినా గేలిక్‌లోనే. ఆమె ముత్తాతలు ఈ దీవి నుంచే ఓడెక్కారట. వాళ్ల గేలిక్ శుభ్రంగా, పుస్తకం చదివినట్టుంది. స్టోర్నోవే ఇంటావిడ గేలిక్‌లో ఉన్న పొగ వాసన ఇందులో లేదు. అని రాశాక, ఇది నేను అనదగిన మాటేనా అని ఆగాను. నేర్చుకున్నవాళ్లు మాట్లాడుతున్నారు. పుట్టుకతో వచ్చిన కొడుకు మేడ మీదకు వెళ్లిపోయాడు.

మే 22, మళ్లీ అబెర్డీన్

బస్సులో ఈసారి వేరే డ్రైవరు. "ఫార్ యీ గాన్?" అన్నాడు. ఠక్కున స్టాపు పేరు చెప్పాను. నా వెనకే మనవడు ఎక్కి తన వంతుగా డోరిక్‌లో ఏదో అన్నాడు. డ్రైవరు పగలబడి నవ్వి, బడిలో నేర్పారా అని అడిగాడు. కాదట, పక్కింటి పిల్లవాడట.

మర్నాడు నా ప్రయాణం. పొద్దున్న అంతా సూట్‌కేసు తూకం గొడవ, నిఘంటువు ఒక్కటే కిలోకు పైగా ఉంది. పార్కుకు తీసుకెళతానని మనవడికి మాటిచ్చాను. వాడు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ "ఫార్స్ మా షీన్?" అని అరిచాడు. నా బూట్లేవీ అని.

"అలా కాదు నాన్నా, సరిగ్గా అడుగు. బడిలో అలా మాట్లాడతావా?" అంది మా అమ్మాయి వంటింట్లోంచి.

వాడు నోరు మూసుకున్నాడు. ఆ మౌనం నాకు తెలుసు.

"తలుపు వెనక చూడు నాన్నా" అన్నాను తెలుగులో.

వాడు తిన్నగా తలుపు వెనక్కి వెళ్లాడు. రెండు చేతుల్లో రెండు జతలు పట్టుకొని వచ్చాడు, ఒకటి వాడిది, ఒకటి నాది.